బోరు చేశాక మొరాయించే మంచు బండి

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రానికి ఉత్తర కొసన, కెనడా సరిహద్దుకు దగ్గర్లో రోజో అనే చిన్న ఊరుంది. పొలారిస్ సంస్థ స్నోమొబైళ్లు, అంటే మంచు మీద నడిచే బండ్లు, పుట్టింది అక్కడే. దానికి దక్షిణాన ఉన్న థీఫ్ రివర్ ఫాల్స్‌లో ఆర్కిటిక్ క్యాట్ అనే మరో మంచు బండ్ల సంస్థ పుట్టింది. రెండు సంస్థల పుట్టుకలోనూ ఎడ్గర్ హెటీన్ అనే ఒకే మనిషి చెయ్యి ఉంది. ఆ ప్రాంతంలో ఆకులు రాలే కాలం వచ్చిందంటే ఇంటి పక్క షెడ్లలో మంచు బండ్ల ఇంజిన్లు విప్పి కనిపిస్తాయి. పాత పిస్టన్లు తీసేసి కొత్తవి వేస్తారు, రింగులు మారుస్తారు, గ్యాస్‌కెట్లన్నీ కొత్తవి పెడతారు. తొలి మంచు పడగానే బండి బయటికి తీస్తారు. తాడు లాగితే ఇంజిన్ అందుకుంటుంది కానీ ఐడ్లింగ్ నిలవదు. యాక్సిలరేటర్ వదిలేసినా వేగం వెంటనే దిగదు. సగం రేసు ఇచ్చేసరికి ఊపిరాడనట్టు గొణుగుతుంది. విప్పక ముందే నయం అనిపిస్తుంది.

మంచు దేశాల్లో ఇది సరదా బండి ఆగిపోవడంతో తీరే సమస్య కాదు. మంచులో చిక్కుకుపోయే బాధ ఈ బండ్ల చరిత్రలోనే ఉంది. 1934 చలికాలంలో కెనడాలోని క్విబెక్‌లో జోసెఫ్ ఆర్మండ్ బొంబార్డియే అనే మెకానిక్ రెండేళ్ల కొడుకుకు కడుపులో ఇన్ఫెక్షన్ ముదిరింది. దారులన్నీ మంచుతో మూసుకుపోయి ఆసుపత్రికి తీసుకెళ్లలేకపోయారు. పిల్లాడు దక్కలేదు. మంచు మీద నడిచే వాహనం కోసం అప్పటికే ప్రయోగాలు చేస్తున్న ఆ తండ్రి పని ఆపలేదు. 1937లో తన పళ్ల చక్రం, రబ్బరు పట్టా ఏర్పాటుకు పేటెంటు పొందాడు. 1959లో ఒకరిద్దరు కూర్చునే తేలికపాటి స్కీ-డూ బండిని మార్కెట్లోకి తెచ్చాడు. ఊరికి ఇరవై ముప్పై కిలోమీటర్ల దూరాన, మైనస్ 30 డిగ్రీల చలిలో ఇంజిన్ మొరాయిస్తే ఏమవుతుందో అక్కడివాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

మంచే ఎరగని తెలుగు పాఠకుడికి ఈ ఇంజిన్ మాత్రం కొత్తది కాదు. 1985 నుంచి 1996 దాకా మన దేశంలో తయారై, ఇప్పటికీ ఊళ్లలో ముద్దుగా చూసుకుంటున్న యమహా ఆర్‌ఎక్స్ 100లో ఉన్నది టూ-స్ట్రోక్ ఇంజినే. పాతతరం స్నోమొబైళ్లలో చాలావాటిదీ అదే జాతి. ఉదాహరణకు ఎన్నో స్కీ-డూ బండ్లను నడిపిన ఆస్ట్రియా ఇంజిన్ రోటాక్స్ 503లో రెండు సిలిండర్లుంటాయి, సిలిండరు వ్యాసం (బోరు) 72 మిల్లీమీటర్లు, పిస్టన్ కదిలే దూరం (స్ట్రోకు) 61. అంటే ఆర్‌ఎక్స్ 100 లాంటి ఇంజిన్లు ఐదింటి పరిమాణం. పెట్రోలులో ఆయిలు కలవాలన్నది రెండింటికీ ఒకటే సూత్రం. బోరు చేయించుకొచ్చిన పాత బైకు ఒక్కోసారి ఎందుకు పికప్ అందుకోదో తెలిసిన మెకానిక్కు ఈ మంచు బండి జబ్బు కూడా సగం తెలిసినట్టే.

ఇలాంటప్పుడు దాదాపు ప్రతివాళ్లూ ముందు కార్బొరేటర్ మీద పడతారు. స్క్రూ అటు తిప్పుతారు, ఇటు తిప్పుతారు, జెట్లు మారుస్తారు. అది తొందరపాటు. ఇంజిన్ విప్పకముందు సరిగా నడిపించిన కార్బొరేటర్ ఇప్పుడు హఠాత్తుగా ఎందుకు చెడుతుంది? విప్పి బిగించిన చోటే ముందు వెతకాలి. అక్కడ మొదట అనుమానించాల్సింది గాలిని.

కారణం టూ-స్ట్రోక్ నిర్మాణంలోనే ఉంది. ఇందులో క్రాంకు తిరిగే గది ఊరికే ఇనుప పెట్టె కాదు, కమ్మరి కొలిమిలోని తిత్తి లాంటిది. పిస్టన్ పైకి పోతే ఆ గది పెట్రోలు కలిసిన గాలిని లోపలికి పీల్చుకుంటుంది. కిందికి దిగితే దాన్ని సిలిండర్‌లోకి నెడుతుంది. తిత్తికి చిల్లి పడితే ఊదు తగ్గినట్టే, ఈ గదికి ఎక్కడ సన్న సందు దొరికినా లెక్కలో లేని గాలి చొరబడుతుంది. పెట్రోలు పాలు తగ్గిపోతుంది. యాక్సిలరేటర్ వదిలినా ఇంజిన్ వేగం దిగకుండా వేలాడటం దీనికి బలమైన గుర్తు. రెండు సిలిండర్ల ఇంజిన్లో ఒక్కో సిలిండరుకూ విడిగా ఒక గది ఉంటుంది కనుక, ఒకటి బాగానే ఉండి రెండోది మాత్రమే తిక్కగా ప్రవర్తించవచ్చు. ఒక ప్లగ్గు తెల్లబడి, రెండోది మామూలు గోధుమ రంగులో ఉంటే తెల్లబడిన వైపు గాలి దూరుతోందేమో చూడాలి.

గాలి ఎక్కడి నుంచి దూరుతుంది? క్రాంకు రెండు చివర్లా ఉండే ఆయిల్ సీళ్లు మొదటి అనుమానితులు. పిస్టన్లు మార్చినవాళ్లు చాలామంది వాటి జోలికి పోరు, ఏళ్ల తరబడి ఉన్న రబ్బరు గట్టిపడి ఉంటుంది. కార్బొరేటర్ను ఇంజిన్‌కు కలిపే రబ్బరు గొట్టాలు కూడా అంతే. పైకి బాగానే కనిపిస్తాయి, వంచి చూస్తే పగుళ్లు బయటపడతాయి. పెట్రోలు పంపు పని చేసేది కూడా క్రాంకు గదిలోని ఒత్తిడి హెచ్చుతగ్గులతోనే. దానికి వెళ్లే సన్న పైపు చీలితే ఇటు గాలి దూరుతుంది, అటు పెట్రోలూ సరిగా అందదు.

ఇంకో తప్పు ఇంజిన్ తిరిగి బిగించేటప్పుడే జరుగుతుంది, దీని గురించి ఎక్కువమందికి తెలియదు. రోటాక్స్ 503 లాంటి ఇంజిన్లో రెండు సిలిండర్లు విడివిడిగా ఉంటాయి. వాటి నట్లు గట్టిగా బిగించే ముందు రెంటినీ కలిపే మానిఫోల్డును తాత్కాలికంగా అమర్చి, రెండు ముఖాలూ ఒకే వరసలోకి తేవాలి. ముందే బిగించేస్తే ఒకటి వెంట్రుకవాసి పక్కకు తిరిగి ఉంటుంది. తర్వాత ఎంత కొత్త గ్యాస్‌కెట్ పెట్టినా ఆ అతుకు కారుతూనే ఉంటుంది.

నడుస్తున్న ఇంజిన్ మీద కార్బొరేటర్ క్లీనరు చల్లి, వేగం మారితే లీకు దొరికిందని తేల్చే అలవాటు ఉంది. వేడి ఇంజిన్ మీద మండే ద్రవం చల్లడం ప్రమాదం. పైగా మ్యాగ్నెట్ వెనకా, క్లచ్చు వెనకా దాగిన సీళ్ల దాకా అది చేరదు. నిజం చెప్పేది ఒత్తిడి పరీక్ష. ఇంజిన్ ఆపి, గాలి వచ్చే దారినీ పొగ పోయే దారినీ రబ్బరు బిళ్లలతో మూసి, చేతి పంపుతో ఆరు పీఎస్‌ఐ దాకా ఒత్తిడి ఎక్కించాలి. బైకు టైరుకు కొట్టించే గాలిలో ఇంచుమించు నాలుగో వంతు అన్నమాట. అంతకు మించితే సీళ్లే ఊడి రావచ్చు. పంపు గేజి ముల్లు కొన్ని నిమిషాలపాటు అక్కడే నిలబడాలి. జారుతుంటే అతుకులన్నిటి మీదా సబ్బు నీళ్లు రాస్తే బుడగలు వచ్చిన చోట లీకు పట్టుబడుతుంది. ఈ పరీక్ష సరంజామాకు అయ్యే ఖర్చు ఒక జత పిస్టన్ల ఖర్చు కంటే తక్కువ. బోరు చేసిన ప్రతి ఇంజిన్‌కూ స్టార్ట్ చేయక ముందే ఇది చేయాలి. ఎందుకంటే టూ-స్ట్రోక్‌లో పిస్టన్‌కు ఆయిలు అందేది పెట్రోలుతోపాటే. పెట్రోలు తగ్గితే వేడి పెరుగుతుంది, ఆయిలూ తగ్గుతుంది. కొత్త పిస్టన్ కొన్ని నిమిషాల్లోనే సిలిండర్ను పట్టేసి సీజ్ కావచ్చు.

గాలి లీకు లేదని తేలాక కంప్రెషన్ చూడాలి. రెండు ప్లగ్గులూ తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి పట్టుకుని, గేజి ముల్లు ఇక ఎక్కనంతవరకూ తాడు లాగాలి. పాత ఇంజిన్లలో చాలావాటికి 120 పీఎస్‌ఐ చుట్టుపక్కల వస్తుంది. అసలు అంకె కంటే రెండు సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం, అది పది శాతం దాటకూడదు. కొత్త రింగులు ఇంకా కుదురుకోలేదు కనుక మొదట్లో అంకె కొంచెం తక్కువగా వచ్చినా కంగారు పడక్కర్లేదు. ఒకవైపే బాగా తక్కువ వస్తే పిస్టన్ తిరగేసి వేశారేమో చూడాలి. పిస్టన్ తల మీది బాణం గుర్తు పొగ పోయే వైపు ఉండాలి. తిరగబడితే రింగు కొసలు సిలిండర్ గోడలోని కిటికీల (పోర్టుల) ఎదుటికొచ్చి తట్టుకుని విరిగే ప్రమాదమూ ఉంది.

మంట పడే సమయం తప్పినా ఇంజిన్ ఇలాగే మొరాయిస్తుంది. మ్యాగ్నెట్ను క్రాంకు మీద సరైన చోట నిలిపేది ఒక చిన్న లోహపు కీ. నట్టు సరిగా బిగించకపోతే అది కోసుకుపోతుంది, మ్యాగ్నెట్ కొంచెం జారుతుంది, టైమింగు చెదురుతుంది. స్టార్ట్ చేస్తే వెనక్కి తన్నడం, రేసు ఎక్కకపోవడం దీని లక్షణాలు.

కార్బొరేటర్ వంతు ఇప్పుడు వస్తుంది. నెలల తరబడి షెడ్డులో పడి ఉన్న బండిలో పాత పెట్రోలు జిగురుగా మారి పైలట్ జెట్ సన్న రంధ్రాన్ని పూడ్చేస్తుంది. ఐడ్లింగ్ నిలవకపోవడానికి అదొక్కటే చాలు. మికుని కార్బొరేటర్లలో ఐడ్లింగ్ దగ్గర పైలట్ జెట్, మధ్య వేగాల్లో సూది, పూర్తి రేసులో మెయిన్ జెట్ పెట్రోలును నిర్ణయిస్తాయి. కాబట్టి తేడా ఎప్పుడు వస్తోందో చూస్తే ఎక్కడ విప్పాలో తెలుస్తుంది. రెండు కార్బొరేటర్లున్న బండిలో రెండు స్లైడులూ ఒకేసారి, ఒకే ఎత్తుకు లేస్తున్నాయో లేదో కూడా చూడాలి. ఇంజిన్ తిరిగి ఎక్కించేటప్పుడు కేబుళ్లు కదిలిపోవడం మామూలే.

వాతావరణాన్నీ లెక్కలోకి తీసుకోవాలి. మైనస్ 30 డిగ్రీల గాలి, 30 డిగ్రీల గాలి కంటే సుమారు 25 శాతం చిక్కన. అంత గాలికి తగినంత పెట్రోలు కావాలంటే పెద్ద మెయిన్ జెట్ ఉండాలి. మన జవాన్లు స్నో స్కూటర్లు నడిపే సియాచిన్‌లో చలి గాలిని చిక్కన చేస్తే, ఎత్తు పలచన చేస్తుంది. అందుకే తయారీదారులు ఉష్ణోగ్రతనూ, సముద్రమట్టం నుంచి ఎత్తునూ కలిపి జెట్ల పట్టిక ఇస్తారు. వెచ్చని షెడ్డులో కుదిర్చిన ట్యూనింగు బయటి మంచులో పనికిరాకపోవచ్చు.

కొన్నిసార్లు ఇంజిన్‌లో దోషమే ఉండదు. అరిగిన డ్రైవ్ బెల్టు, జిడ్డు పట్టిన క్లచ్చు కూడా పికప్ లేనట్టు భ్రమ కలిగిస్తాయి. అన్నీ సరిగా ఉన్నాయని తేలాక, ఆయిల్ పంపు లైన్లలో గాలి తీసేసి, మొదటి ట్యాంకు పెట్రోలులో అదనంగా ఆయిలు కలిపి, పూర్తి రేసు ఎక్కువసేపు ఇవ్వకుండా వేగం మారుస్తూ నడపాలి. ఇంజిన్ పూర్తిగా చల్లారాక హెడ్డు నట్లు మాన్యువల్లో చెప్పిన బిగువుకే ఉన్నాయో లేదో టార్క్ రెంచితో మరోసారి చూసుకోవాలి.