పాత పరికరాలు – నాదపరీక్ష

నేలకొండపల్లిలో జన్మించి, పాల్వంచ తహసీల్దారుగా పనిచేసి, భద్రగిరిపై రామాలయం నిర్మింపజేసిన కంచర్ల గోపన్న భక్త రామదాసుగా ప్రసిద్ధుడు. ఆయన కీర్తనలు ఇరవయ్యో శతాబ్దంలో మంగళంపల్లి బాలమురళీకృష్ణ గళంలో ఎల్పీ రికార్డులుగానూ వెలువడ్డాయి. ఖమ్మం మొదలు భద్రాచలం అడవి అంచుల వరకు గల ఊళ్ళలో ఎవరైనా అటువంటి రికార్డును నేటికీ దాచుకొని ఉంటే, దానిని వినడానికి రికార్డు ప్లేయరు ఒక్కటే చాలదు. సూది నుండి వచ్చే విద్యుత్సంకేతం సాధారణంగా 5 మిల్లీవోల్టులకు మించదు. దానిని వందల మిల్లీవోల్టులకు పెంచి ప్రధాన ఆంప్లిఫయరుకు అందించేదే ప్రీ ఆంప్లిఫయరు.

దీనికి మరొక బాధ్యత ఉంది. రికార్డుపై గాడి చెక్కేటప్పుడు మంద్రధ్వనులను తగ్గించి, తారధ్వనులను హెచ్చించి చెక్కుతారు. అట్లు చేయకపోతే మృదంగపు ఎడమవైపు గంభీరనాదానికి గాడి పక్క గాడిలోకి చొచ్చుకుపోతుంది. వినేటప్పుడు ఈ హెచ్చుతగ్గులను తిరిగి సరిచేయాలి. 1954లో స్థిరపడిన ఆర్‌.ఐ.ఏ.ఏ. ప్రమాణం దీనికి ఆధారం. 1958 నాటి మరాంట్జ్ 7 వాల్వులతోను, 1967 నాటి క్వాడ్ 33 ట్రాన్సిస్టర్లతోను ఈ పనినే చేశాయి.

ఇట్టి పాత పరికరాలు రెండింటిలో ఏది మేలైనదో ఇంట్లోనే తేల్చుకోవాలనుకొనేవారిని మొదట మోసగించేది తమ చెవియే. ఒకటి ఒక డెసిబెల్ బిగ్గరగా పలికినా, శ్రోత దానిని ‘బిగ్గర’ అనడు. ‘స్పష్టం’ అంటాడు, ‘మధురం’ అంటాడు. ఆ మాటను నమ్మి మంచి పరికరాన్ని తూకానికి అమ్ముకొని, శిథిలమైనదానిని అధికమూల్యానికి కొన్నవారున్నారు. కాబట్టి పరీక్షా రికార్డులోని 1000 హెర్ట్‌జుల నాదాన్ని వినిపించి, స్పీకరు తీగల వద్ద వోల్టేజిని మల్టీమీటరుతో కొలిచి, రెండింటినీ సమానం చేయాలి. ఒక డెసిబెల్ తేడా అంటే వోల్టేజిలో సుమారు 12 శాతం. అటుపిమ్మట వేరొకరు తెర వెనుక పరికరాలను మార్చుతుండగా, ఏది పలుకుతున్నదో తెలియకుండా వినాలి. ధ్వనిస్మృతి క్షణికం గనుక నిన్న విన్నదానితో నేటిదానిని పోల్చరాదు.

వినవలసింది ముందుగా పాటను కాదు, తంబురాను. నిరంతరమైన ఆ శ్రుతిలో మన విద్యుత్సరఫరా నుండి చొరబడే 50 లేదా 100 హెర్ట్‌జుల రొద ఇట్టే బయటపడుతుంది. రొద ఎక్కువైతే తరచు ఎండిపోయిన కెపాసిటర్లే కారణం. వాల్యూమును తిప్పినపుడు గరగరమంటే లోపలి స్పర్శస్థానాలు మలినమైనట్లు. గోదావరి తీరపు తేమ ఇందుకు తోడ్పడుతుంది. ఇవి వయోదోషాలే గాని తయారీదారు లోపాలు కావు. ప్రసిద్ధమైన పేరు చూచి మురిసేవారు ఈ భేదాన్ని సులభంగా మరచిపోతారు. అయితే వాల్వు పరికరాల లోపల 200 వోల్టులకు పైగా ఉంటుంది. కరెంటు ఆపిన తరువాతా కొంతసేపు నిలిచి ఉంటుంది. వాటిని తెరవడం నిపుణుల పని.

స్టీరియో రికార్డులో మధ్యన వినిపించవలసిన గాయకుని గొంతు ఒక పక్కకు ఒరిగినట్లు తోస్తే, ప్రీ ఆంప్లిఫయరు వెనుక రికార్డు ప్లేయరు నుండి వచ్చే కుడి, ఎడమ తీగలను తారుమారు చేసి చూడాలి. ఒరుగుదల రెండవ పక్కకు మారితే దోషం సూది వైపు ఉన్నది. మారకపోతే ప్రీ ఆంప్లిఫయరులోనో, దాని తరువాతనో ఉన్నది.