గురువారం సాయంత్రం

క్రిస్మస్ సెలవులు. పిల్లలంతా ఇంట్లోనే ఉంటారు. అయినా ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకుని ‘నీ ప్రార్థనా జీవితం ఎలా ఉంది?’ అని అడిగే తీరిక మనలో ఎందరికుంది? ఇంగ్లండులోని ఎప్‌వర్త్‌లో పాదిరిగారి భార్య సుసన్నా వెస్లీకి పిల్లలు ఏడాది పొడుగునా ఇంట్లోనే. బడీ ఆ ఇల్లే, పంతులమ్మా ఆ తల్లే. రోజుకు ఆరు గంటల చదువు. చక్కగా చదవడం వచ్చేదాకా ఆడపిల్లకు పని నేర్పేది కాదు (ఈ నియమం మన ఇళ్లలోనూ ఉంటే ఎంత బాగుండు!). 1712 నాటికి ఒక్కో సాయంత్రం ఒక్కో బిడ్డతో ఏకాంతంగా ఆత్మీయ సంభాషణ. టీనేజిలో ఉన్న హెట్టీకి మంగళవారం, చిన్నవాడు జాన్‌కు గురువారం. జాన్ పదేళ్లకే లండన్ బడికి వెళ్లిపోయాడు. 1732లో, 28 ఏళ్ల వయసులో, ఆ గురువారం సాయంత్రం కొంతసేపు మళ్లీ తనకోసం కేటాయించమని అమ్మకు ఉత్తరం రాశాడు.