నలుగురం, ఒక కుక్క

హైదరాబాద్‌లో అద్దె ఇల్లు వెతికేవాళ్లకు ఫోన్లో ఎదురయ్యే ప్రశ్నలన్నీ ముందే తెలిసినవే. ఫ్యామిలీయా, బ్యాచిలర్లా? ఎక్కడ జాబు? నాన్‌వెజ్ వండుతారా? ఇంట్లో ఎంతమంది ఉంటారు? మొదటి మూడూ గట్టెక్కినవాళ్లు కూడా నాలుగోదాని దగ్గర తడబడతారు. "నలుగురం అండీ, ఒక కుక్క కూడా ఉంది" అనగానే అవతలి గొంతు మారిపోతుంది. "మావారిని అడిగి చెబుతాను" అని ఫోను పెట్టేసిన ఓనరమ్మ మళ్లీ చేయదు.

ఓనర్ల భయాలు ఊరికే పుట్టినవి కావు. తలుపులు గీరితే పాలిష్ పోతుంది, బాల్కనీలో వాసన నిలిచిపోతుంది, కింది వాటావాళ్లు ఫిర్యాదు చేస్తారు. పైన ఓనర్లే ఉండే ఇండిపెండెంట్ ఇళ్లలో మడి, పూజ పట్టింపులూ ఉంటాయి. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో వీధికుక్కల దాడిలో నాలుగేళ్ల బాబు చనిపోయాక, కుక్క అంటేనే ఉలిక్కిపడే తల్లిదండ్రులు నగరంలో చాలామంది ఉన్నారు. ఇంట్లో పెరిగే కుక్కకు, వీధికుక్కకు తేడా ఉందని వాళ్లకు తెలియక కాదు. లిఫ్టు తలుపు తెరుచుకున్నప్పుడు లోపల లాబ్రడార్ కనిపిస్తే ఆ తేడా గుర్తుకు రాదు.

అయితే ఈ వ్యవహారంలో రెండు వేర్వేరు అధికారాలు కలగాపులగం అయిపోతుంటాయి. ఒకటి అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌ది, రెండోది ఇంటి ఓనరుది. జంతువుల్ని పెంచుకునేవాళ్లు మొదటిదానికి అనవసరంగా భయపడతారు, రెండోదాన్ని తేలిగ్గా తీసుకుంటారు.

అసోసియేషన్ సంగతి చూద్దాం. జంతువుల పట్ల క్రూరత్వాన్ని నిరోధించే చట్టం 1960లో వచ్చింది. దాని కింద 1962లో భారత జంతు సంక్షేమ మండలి ఏర్పడింది. రాజ్యసభలో ఈ విషయంపై ప్రైవేటు బిల్లు పెట్టి చట్టానికి దారి వేసిన నాట్యకళాకారిణి రుక్మిణీదేవి అరండేల్ ఆ మండలికి తొలి అధ్యక్షురాలు. ఈ మండలి 2015 ఫిబ్రవరిలో అసోసియేషన్లకు మార్గదర్శకాలు పంపింది. జనరల్ బాడీలో మెజారిటీ ఓటుతో తీర్మానం చేసినా సరే, పెంపుడు కుక్కల్ని నిషేధించే హక్కు అసోసియేషన్‌కు లేదని అందులో ఉంది. చిన్న కుక్కయితే సరే, పెద్దదైతే వద్దు అని తేడా చూపకూడదు. లిఫ్టు వాడనివ్వం అనకూడదు, వాడినందుకు అదనంగా వసూలు చేయకూడదు. మొరుగుతోందన్న కారణంతో గెంటేయకూడదు.

అవి మార్గదర్శకాలే కదా, చట్టం కాదు కదా అని వాదించే సెక్రటరీలు ఉంటారు. 2021 నవంబరులో కేరళ హైకోర్టు ఇదే విషయంపై తీర్పు చెప్పింది. జంతువుల్ని పెంచుకోకూడదంటూ అసోసియేషన్లు పెట్టుకునే నిబంధనలు చెల్లవని తేల్చింది. తెలుగు రాష్ట్రాల కోర్టులు దానికి కట్టుబడి ఉండాలని లేకపోయినా, వాదనకు అది గట్టి ఆధారం.

అదే మార్గదర్శకాలు పెంచుకునేవాళ్లకూ బాధ్యతలు గుర్తుచేశాయి. ఉమ్మడి స్థలాల్లో పట్టీ తప్పనిసరిగా ఉండాలి. టీకాలు వేయించాలి. రాత్రిపూట మొరుగుళ్లతో పక్కవాళ్ల నిద్ర చెడకుండా చూసుకోవాలి. మలం ఎత్తని వాళ్లకు అసోసియేషన్ జరిమానా వేయకూడదు, ఎత్తమని కోరవచ్చు అని కూడా రాశారు. కానీ సగం గొడవలకు మూలం ఈ చివరి విషయమే. రోజూ ఉదయం చేతిలో పాత న్యూస్‌పేపరు, కవరు పట్టుకుని కిందికి దిగే మనిషి మీద ఏ వాట్సాప్ గ్రూపులోనూ చర్చ జరగదు.

ఇంటి ఓనరు సంగతి వేరు. అసోసియేషన్‌కు లేని హక్కు ఓనరుకు ఉంది. తన ఇంట్లో ఎవరు ఏ షరతుల మీద ఉండాలో నిర్ణయించుకునేది ఆయనే. అద్దె అగ్రిమెంటులో జంతువులు వద్దని రాసి ఉంటే, దాని మీద సంతకం పెట్టి ఉంటే, ఆ తర్వాత మండలి సర్క్యులరు చూపించినా లాభం ఉండదు. ఏడాది దాటిన లీజుల్ని రిజిస్టర్ చేయించాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం చెబుతుంది. అందుకే మన దగ్గర అగ్రిమెంట్లన్నీ 11 నెలలకే రాసుకుంటారు. అంటే ఏటా ఒకసారి ఓనరుకు మనసు మార్చుకునే అవకాశం వస్తుంది.

కుక్క సంగతి దాచిపెట్టి ఇంట్లో చేరడం కొందరు ఎంచుకునే దారి. అది వారం కూడా నిలవదు. వాచ్‌మన్ చెప్పకపోయినా, కొరియర్ కుర్రాడు బెల్లు కొట్టగానే కుక్కే చెప్పేస్తుంది. అనుభవం ఉన్నవాళ్లు దీనికి పూర్తిగా ఎదురు పద్ధతి పాటిస్తున్నారు. ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు కుక్కకు కూడా ఒక బయోడేటా పట్టుకెళతారు. ఒకే పేజీ. పైన ఫొటో, కింద వయసు, బరువు, జాతి, రేబిస్ టీకా వేయించిన తేదీ, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిందా లేదా, జీహెచ్‌ఎంసీ లైసెన్సు వివరం, పాత ఓనరు ఫోన్ నంబరు. ఈ చివరి నంబరు మిగతా అన్నింటికంటే బాగా పనిచేస్తుంది. ఒక ఓనరు మాట ఇంకో ఓనరు నమ్ముతాడు.

మాట కుదిరాక దాన్ని కాగితం మీద పెట్టించుకోవాలి. అగ్రిమెంటులో 'ఫలానా జంతువు ఉన్నట్టు ఓనరుకు తెలుసు, అభ్యంతరం లేదు' అని ఒక్క వాక్యం చాలు. తలుపులకు, దోమల మెష్‌కు, చెక్క కప్‌బోర్డులకు జంతువు వల్ల నష్టం జరిగితే బాగుచేయించే ఖర్చు తమదేనని రెండో వాక్యం. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో అడ్వాన్సులోంచి కోత ఎలాగూ ఉంటుంది. గొడవ దానికి మించి పోకుండా ఉండాలంటే, చేరిన రోజే గది గదికీ తలుపుల అడుగుభాగం కనిపించేలా ఫొటోలు తీసి ఓనరుకు వాట్సాప్‌లో పంపడం మంచిది. గీతలు పడేది అక్కడే.

ఎక్కడా ఇల్లు దొరక్క చివరికి కుక్కను పాత వీధిలోనే వదిలేసి వెళ్లేవాళ్లూ ఉన్నారు. ఆకలిదప్పులతో అల్లాడేలా జంతువును వదిలేయడం 1960 చట్టంలోని 11వ సెక్షన్ ప్రకారం నేరం. మొదటిసారి తప్పు చేస్తే జరిమానా ఎంతో తెలుసా? 10 నుంచి 50 రూపాయలు. అరవై ఏళ్లు దాటినా ఆ అంకె మారలేదు.

ఇక సామాను సర్దే రోజు. కుక్కకు అది కొంత అయోమయం, పిల్లికి మాత్రం ప్రళయం. పిల్లి తన చెంపల్లోని గ్రంథుల వాసనను సోఫా మూలకు, తలుపు చట్రానికి రుద్ది ఆ చోటు తనదని గుర్తు పెట్టుకుంటుంది. ప్యాకర్లు వచ్చి ఆ సోఫాకు బబుల్ ర్యాప్ చుడుతుంటే దానికి తెలిసిన లోకం కళ్లముందే మాయమవుతుంది. ముఖద్వారం బార్లా తెరిచి ఉంటుంది, అట్టపెట్టెల మధ్య నలుగురు కొత్త మనుషులు తిరుగుతుంటారు. పిల్లి వాషింగ్ మెషీన్ వెనక నక్కుతుంది, మెషీన్ లాగిన మరుక్షణం మెట్ల మీదుగా ఒక్క దూకుతో మాయమవుతుంది. చాలా పిల్లులు తప్పిపోయేది ఇలాంటి రోజునే.

దీనికి మందు సులువు. ముందు ఒక బాత్రూమో గదో ఖాళీ చేయించి పిల్లిని, దాని నీళ్ల గిన్నెను, లిట్టర్ ట్రేను అందులో పెట్టి తలుపు మీద 'తెరవొద్దు' అని కాగితం అంటించాలి. లారీ కదిలాక పిల్లిని క్యారియర్‌లో పెట్టి సొంత బండిలో తీసుకెళ్లాలి. కొత్త ఇంట్లోనూ మొదట ఒక్క గదే. ఉతకని పాత దుప్పటి అందులో వేస్తే తెలిసిన వాసన తోడుంటుంది. తిండి మామూలుగా తినడం మొదలుపెట్టాక మిగతా గదుల తలుపులు ఒక్కొక్కటే తెరవచ్చు. ఎత్తైన అంతస్తుల్లో అయితే బాల్కనీకి వల బిగించాకే.

ఊరు మారాల్సి వస్తే రైలు ప్రయాణం. సికింద్రాబాద్ నుంచి కుక్కను తీసుకెళ్లడానికి రైల్వే రెండు దారులు ఇస్తుంది. ఏసీ ఫస్ట్‌క్లాస్‌లో రెండు బెర్తుల కూపేనో నాలుగు బెర్తుల క్యాబినో మొత్తం తమ పేరునే ఉంటే కుక్క వెంటే ప్రయాణించవచ్చు. టూటైర్, త్రీటైర్, స్లీపర్, చెయిర్‌కార్ దేంట్లోనూ వీల్లేదు. చిక్కేమిటంటే టికెట్ ముందే కొన్నా కూపే దొరికిందో లేదో చార్టు తయారయ్యేదాకా తేలదు. అందుకే ముందుగానే రైల్వే కమర్షియల్ విభాగానికి అర్జీ పెట్టుకుంటారు. కుక్క టికెట్ మాత్రం స్టేషన్లోని పార్సిల్ ఆఫీసులో బరువు తూచి ఇస్తారు. బుక్ చేయకుండా ఎక్కించి దొరికిపోతే లగేజీ చార్జీకి ఆరు రెట్లు కట్టాలి.

రెండో దారి గార్డు బ్రేక్‌వ్యాన్‌లో ఉండే డాగ్‌బాక్స్. ఇనుప పెట్టె, జాలీ తలుపు, చుట్టూ చీకటి, పక్కనే చక్రాల మోత. నీళ్లు, తిండి చూసుకోవాల్సింది యజమానే కాబట్టి పెద్ద స్టేషన్ వచ్చినప్పుడల్లా ప్లాట్‌ఫాం మీద రైలు చివరికి పరుగెత్తాలి. రాత్రంతా ప్రయాణమైతే, మండువేసవి అయితే దీన్ని ఎంచుకోకపోవడమే మేలు. కారు మాట్లాడుకోవడం ఖర్చే అయినా చాలామంది చివరికి అటే మొగ్గుతున్నారు.

బస్సు సంగతి తెలంగాణలో ఒకసారి పెద్ద వార్తే అయింది. 2022 ఫిబ్రవరిలో పెద్దపల్లి నుంచి కరీంనగర్ వెళ్తున్న ఆర్టీసీ బస్సులో ఒక ప్రయాణికుడు గుడ్డలో చుట్టి కోడిపుంజును తెచ్చాడు. కండక్టరు దానికి 30 రూపాయల టికెట్ కొట్టాడు. టికెట్ ఫొటో ఊరంతా తిరిగాక, బస్సుల్లో జంతువుల్ని ఎక్కించడానికి నిబంధనలు ఒప్పుకోవని అధికారులు వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది.

విమానాల్లో ఇండిగో పెంపుడు జంతువుల్ని తీసుకోదు. ఎయిర్ ఇండియా తీసుకుంటుంది. ఆకాసా 2022 నవంబరు నుంచి, పెట్టెతో కలిపి ఏడు కిలోల పరిమితితో మొదలుపెట్టింది. బరువు పరిమితులు మారుతుంటాయి కాబట్టి టికెట్ కొనేముందు అడగాలి. పగ్, బుల్‌డాగ్ లాంటి చప్పిడి ముక్కు జాతుల్ని చాలా సంస్థలు కార్గోలో ఒప్పుకోవు. వాటి శ్వాసనాళాలు ఇరుకు, వేడి పెరిగితే ఊపిరాడదు.

అమెరికా వెళ్లే తెలుగు కుటుంబాలు మాత్రం నెలల ముందే మొదలుపెట్టాలి. 2024 ఆగస్టు 1 నుంచి అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ నిబంధనలు మారాయి. కుక్కకు ఆరు నెలలు నిండాలి, ఒంట్లో మైక్రోచిప్ ఉండాలి. రేబిస్ ముప్పు ఎక్కువున్న దేశాల జాబితాలో భారత్ ఉంది కాబట్టి, ఇక్కడ టీకా వేయించిన కుక్కకు యాంటీబాడీల రక్తపరీక్ష కూడా చేయించాలి. మొదటి టీకా తర్వాత కనీసం 30 రోజులకు, ప్రయాణానికి కనీసం 28 రోజుల ముందు రక్తం తీయాలి. ఈ పరీక్ష లేకుండా దిగితే 28 రోజులు క్వారంటైన్ తప్పదు.

తిరిగి వచ్చేవాళ్లకూ లెక్కలున్నాయి. కనీసం రెండేళ్లు విదేశాల్లో ఉండి నివాసం మార్చుకుని వచ్చేవాళ్లే జంతువుల్ని వెంట తెచ్చుకోవచ్చు, అదీ మనిషికి రెండు. అనుమతి ఇచ్చే కేంద్ర క్వారంటైన్ విభాగానికి హైదరాబాద్‌లోనూ స్టేషన్ ఉంది. ఈ నిబంధన ఒక్కసారి సడలింది. 2022లో యుక్రెయిన్ యుద్ధం మొదలైనప్పుడు పెంపుడు జంతువుల్ని వదిలి రామంటూ కొందరు విద్యార్థులు బంకర్లలోనే ఉండిపోయారు. అప్పుడు కేంద్రం ప్రత్యేకంగా మినహాయింపు ఇచ్చింది.

ఇల్లు కుదిరాక, కుక్కకు కొత్త వీధి అలవాటయ్యాక మిగిలేది ఆదివారం. హైదరాబాద్‌లో కొండాపూర్ దగ్గర జీహెచ్‌ఎంసీ 2018లో కుక్కల కోసమే ఒక పార్కు తెరిచింది. అక్కడ పట్టీ విప్పి పరుగెత్తనివ్వచ్చు. బంజారాహిల్స్‌లోని కేబీఆర్ పార్కు లోపలికి మాత్రం తీసుకెళ్లకూడదు. అది 1998 నుంచి జాతీయ ఉద్యానం. పెంపుడు కుక్కల నుంచి అడవి జీవులకు జబ్బులు పాకుతాయి. అందుకే కుక్కలవాళ్లంతా కంచె బయటి ఫుట్‌పాత్ మీదే కనిపిస్తారు. టీకాల కోర్సు పూర్తికాని కుక్కపిల్లను అసలు పార్కులకే తిప్పకూడదు. పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది. వానాకాలంలో రోడ్డు మీద నిలిచిన నీళ్లు తాగితే లెప్టోస్పైరోసిస్ రావచ్చు.

ఎండాకాలం సంగతి మరీ జాగ్రత్త. కుక్కకు చెమట పట్టేది ప్రధానంగా పాదాల దగ్గరే, మిగతా వేడంతా నాలుక చాచి వగర్చడంతోనే పోవాలి. కర్నూలు జిల్లాలో పత్తికొండ దగ్గరి పందికోన ఊరి పేరుతో పిలిచే నాటు కుక్కలు రాయలసీమ ఎండల్లోనే పుట్టి పెరిగాయి. రెండు పొరల బొచ్చున్న సైబీరియన్ హస్కీకి ఆ అలవాటు ఎక్కడిది? నడకకు తీసుకెళ్లేముందు అరచేతి వెనకభాగాన్ని తారు మీద ఏడు సెకన్లు ఆనించి చూడాలి. చెయ్యి కాలితే పాదాలూ కాలతాయి. బయట 35 డిగ్రీలు ఉన్నప్పుడు అద్దాలు మూసిన కారు లోపల అరగంటలోనే 50 దాటిపోతుంది. పాలప్యాకెట్ కోసం దిగినా కుక్కను లోపల వదలకూడదు.

వికారాబాద్ వైపు రిసార్టులు, శివార్లలోని ఫామ్‌హౌసులు ఇప్పుడు 'పెట్ ఫ్రెండ్లీ' అని ప్రకటనలు ఇస్తున్నాయి. ఆ మాటకు ఒక్కో చోట ఒక్కో అర్థం. డబ్బు కట్టేముందు మూడు విషయాలు అడగాలి. రాత్రి కుక్క గదిలోనే పడుకోవచ్చా? అదనంగా ఎంత తీసుకుంటారు? అక్కడ సొంత కుక్కలు విడిగా తిరుగుతుంటాయా? మొదటిదానికి "వెనకాల షెడ్డు ఉందండి, మన వాచ్‌మన్ చూసుకుంటాడు" అని జవాబొస్తే, వేరే చోటు వెతుక్కోవడానికి శనివారం దాకా టైముంటుంది.