నెబో దగ్గర ఆగిన మోషే, ఇంటి దగ్గర ఆగిన అక్క

శంషాబాద్ విమానాశ్రయంలో లోపలికి వెళ్లే ద్వారం ముందు పది నిమిషాలు నిలబడితే చాలు, ఎవరు ఏ పని మీద బయల్దేరారో ఇట్టే తెలిసిపోతుంది. గల్ఫ్‌కు వెళ్లే కుర్రాడి చుట్టూ సగం ఊరు ఉంటుంది. అమెరికా వెళ్లే కొడుకు సూట్‌కేసును తల్లి మాటిమాటికీ తడిమి చూస్తుంటుంది. ఒకే రంగు టోపీలు, మెడలో ఒకే రకం బ్యాడ్జీలు, చేతుల్లో బైబిళ్లతో నలభై మంది గుండ్రంగా నిలబడి తలలు వంచి ప్రార్థిస్తున్నారంటే, అది పరిశుద్ధ స్థలాల యాత్రకు బయల్దేరిన బృందమని వేరే చెప్పనక్కర్లేదు.

2008 మార్చి 23న ఇక్కడి నుంచి విమానాలు ఎగరడం మొదలైంది. ఆ తర్వాతి ఏళ్లలో ‘హోలీల్యాండ్ టూర్’ అన్నది మన సంఘాల్లో అందరి నోటా వినిపించే మాట అయింది. కొందరికి ప్రభుత్వ సాయం కూడా తోడైంది. 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయమున్న జెరూసలేం యాత్రికులకిచ్చే సాయాన్ని 40 వేల నుంచి 60 వేల రూపాయలకు పెంచింది. అయితే ఈ సాయం దొరకని వారు, దాని కోసం ఆగని వారు చిట్టీలు కట్టుకుని, గాజులు కుదువపెట్టుకుని వెళ్లినవారే.

2019 ఫిబ్రవరిలో అలాంటి ఒక బృందంతో నేనూ వెళ్లాను. అందులో శంషాబాద్ పక్క పల్లెకు చెందిన ఒక పెద్దమ్మ ఉంది. అరవై దాటిన మనిషి, మోకాళ్ల నొప్పులు. వయసులో ఉన్నప్పుడు ఆమె కలుపు తీసిన చేలు ఇప్పుడు విమానాశ్రయం గోడకు అవతల ఉన్నాయి. పదేళ్లకు పైగా తన ఇంటి మీదుగా పోయే విమానాలను చూస్తూ బతికిన ఆమెకు విమానం ఎక్కడం అదే మొదటిసారి. ఆమె పక్కన కూర్చోవలసిన మనిషి మాత్రం రాలేదు. ఆమె, ఆమె అక్క కలిసి నాలుగేళ్లు చిట్టీ కట్టారు. కలిసే పాస్‌పోర్టులు చేయించుకున్నారు. ప్రయాణానికి రెండు నెలల ముందు అక్కకు పక్షవాతం వచ్చింది. ‘నేను పోను’ అని చెల్లెలు ఏడిస్తే, ‘నువ్వన్న పోయి రా, యోర్దాను నీళ్లు తే’ అని అక్కే సైగలతో, ముద్దముద్ద మాటలతో ఒప్పించి పంపింది.

మా యాత్ర జోర్డాన్ రాజధాని అమ్మాన్‌లో మొదలైంది. మరుసటి రోజు మాదబ అనే పాత పట్టణానికి వెళ్లాం. అక్కడి సెయింట్ జార్జి చర్చి నేల మీద, రంగురంగుల చిన్న రాళ్లతో పేర్చిన పరిశుద్ధ దేశపు పటం ఉంది. ఆరో శతాబ్దం నాటిది. యోర్దాను నదిలో ఈదుతున్న ఒక చేప మృత సముద్రం ఉప్పు నీళ్లు తగలబోతుండగానే వెనక్కి తిరిగినట్లు అందులో చూపించారు. పద్నాలుగు వందల ఏళ్ల కిందటి ఆ పనివాడి చమత్కారానికి మా వాళ్లంతా నవ్వుకున్నారు.

మాదబ నుంచి కొద్ది దూరంలోనే నెబో కొండ. ద్వితీయోపదేశ కాండం చివరి అధ్యాయం చదువుకుని పైకి నడిచాం. అంచున నిలబడితే కింద యోర్దాను లోయ, ఎడమ వైపు మృత సముద్రం, ఎదురుగా యెరికో కనిపిస్తాయి. ఆకాశం తేటగా ఉంటే యెరూషలేము ఉన్న కొండలూ కనిపిస్తాయి. మా గైడు అటు చేయి చూపిస్తూ, నలభై ఏళ్లు ప్రజలను నడిపించిన మోషే ఇక్కడి నుంచే ఆ దేశాన్ని కళ్లారా చూశాడని, అందులో అడుగు పెట్టకుండానే నూట ఇరవై ఏళ్ల వయసులో కన్నుమూశాడని చెప్పాడు. అందరూ ఫొటోలకు పరుగెత్తారు. పెద్దమ్మ మాత్రం కదల్లేదు.

“మా అక్క గూడ గిట్లనే ఆగిపాయె గదా అయ్యగారూ. చిట్టీ కట్టింది, పాస్‌పోర్టు చేయించుకుంది. ఇగ ఎక్కుడే అనంగ కాలు చెయ్యి పడిపాయె. గంత పెద్ద మోషేను గూడ దేవుడు ఒక్క అడుగు పెట్టనియ్యలేదా?”

మోషే విషయంలో మెరీబా నీళ్ల దగ్గర జరిగిన తప్పు ఉందని నాకు తెలుసు. కానీ ఆమె అడిగింది మోషే తప్పు గురించి కాదు. అక్క చేసిన తప్పేమిటని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ప్రసంగ పీఠం మీద తడుముకోకుండా మాట్లాడే నేను, ఆ కొండ మీద ఆమె చెయ్యి పట్టుకుని బస్సు దాకా నడిపించగలిగానంతే.

వంతెన దగ్గర గంటల తరబడి తనిఖీలయ్యాక యెరికో చేరాం. బైబిలును ఇంట్లో కూర్చుని చదివితే తెలియనిది అక్కడి రోడ్లు నేర్పుతాయి. యెరికో సముద్ర మట్టానికి దాదాపు 250 మీటర్ల దిగువన ఉంది. యెరూషలేము 750 మీటర్ల ఎత్తున ఉంది. మధ్య దూరం పాతిక కిలోమీటర్ల పైచిలుకు. అంటే ఆ కాస్త దూరంలోనే వెయ్యి మీటర్లు ఎక్కాలి. బస్సు ఎక్కుతుంటే చెవులు దిబ్బడ వేశాయి. దారి మధ్యలో ‘సముద్ర మట్టం’ అని రాసిన రాయి కనిపిస్తుంది. అంతసేపూ మనం సముద్రం కంటే కిందనే ఉన్నామని అప్పుడు తెలుస్తుంది. ఇరువైపులా చెట్టూ చేమా లేని బోడి కొండలు, లోతైన లోయలు. లూకా పదో అధ్యాయంలో దొంగల చేతికి చిక్కిన మనిషి యెరూషలేము నుంచి యెరికోకు దిగి వెళ్తున్నాడని ప్రభువు ఎందుకన్నాడో, అక్కడి గాయపడిన మనిషిని గాడిద మీద మోయడం ఎంత కష్టమో ఆ మలుపుల్లో అర్థమవుతుంది.

మన దగ్గర చలికాలమంటే ఒక శాలువాతో గడిచిపోతుంది. ఫిబ్రవరిలో యెరూషలేము చలి అలా కాదు. మంకీ టోపీలు, రెండేసి స్వెట్టర్లతో వణుకుతూ పాత పట్టణం రాతి సందుల్లో తిరిగాం. సిలువ మార్గమని చెప్పే దారి నేటికీ అంగళ్ల మధ్య నుంచే పోతుంది. మేం పాట పాడుకుంటూ వెళ్తుంటే పక్కన మిరియాలు, చెప్పులు అమ్ముతున్నారు. ఇదేం పద్ధతని కొందరు నొచ్చుకున్నారు. అయితే ప్రభువు సిలువ మోసిన నాడు కూడా ఊరు తన పనుల్లో తాను ఉండే ఉంటుంది. గార్డెన్ టూంబ్ అనే తోటలో ప్రభువు బల్ల ఆచరించాం. ప్రభువు సమాధి ఇదేనని అక్కడివారు కూడా గట్టిగా వాదించరు. అది ఖాళీగా ఉందన్నదే వారు చెప్పే సాక్ష్యం.

యెరూషలేముకు పది కిలోమీటర్ల లోపే బేత్లెహేము. ఆ రెంటి మధ్య ఇప్పుడు ఎత్తైన కాంక్రీటు గోడ, తనిఖీ కేంద్రం ఉన్నాయి. యేసు జన్మస్థలమని చెప్పే ప్రాచీన దేవాలయం ద్వారం ఎత్తు నాలుగు అడుగులే. రాజైనా కూలివాడైనా వంగి లోపలికి వెళ్లవలసిందే. అక్కడ మాకు దారి చూపిన స్థానిక గైడు అరబ్బు క్రైస్తవుడు. తన సంఘంలో చాలామంది పర్మిట్ లేకుండా యెరూషలేము వెళ్లలేరని, పండుగ నాడు కూడా ఆ కాగితం వస్తేనే ప్రయాణమని అతను చెప్పాడు. సప్త సముద్రాలు దాటి మేం చూసి వచ్చిన పట్టణాన్ని కనుచూపు మేరలో పెట్టుకుని చేరలేనివారు ఉన్నారన్నమాట. ఆ మాట తెలుగులో చెప్పగానే పెద్దమ్మ నా వైపు చూసింది. నెబో కొండ మీది ప్రశ్న ఇంకా ఆమెను వదల్లేదు.

మరునాడు ఏన్ కారెం అనే కొండ పల్లెకు వెళ్లాం. గర్భవతియైన మరియ తన బంధువు ఎలీసబెతును చూడవచ్చిన ఊరు ఇదేనని సంప్రదాయం. నజరేతు నుంచి ఇక్కడికి వంద కిలోమీటర్లకు పైగా కొండదారి. దర్శన దేవాలయానికి వెళ్లాలంటే చాలా మెట్లు ఎక్కాలి. మోకాళ్లు పట్టుకుని, మెట్టు మెట్టుకీ కూర్చుంటూ పెద్దమ్మ పైదాకా వచ్చింది. వద్దన్నా వినలేదు. “ఒక్క చుట్టమును చూసెటందుకు గా పిల్ల గింత దూరం నడిచొచ్చిందా?” అని మాత్రం అడిగింది.

ఆ తర్వాత ఉత్తరాన గలిలయ. అక్కడి కొండలు ఆ నెలలో పచ్చగా, ఎర్రటి పూలతో కళకళలాడుతుంటాయి. గలిలయ సముద్రాన్ని చూసి, “మా హిమాయత్ సాగర్ నిండినప్పుడు గిట్లనే ఉంటది” అంది పెద్దమ్మ. మేం ఎక్కిన ఆఖరి కొండ తాబోరు. పెద్ద బస్సులు పైకి వెళ్లలేవు. చిన్న వ్యాన్లలో మలుపులు తిరుగుతూ 570 మీటర్ల పైకి చేరాం. మన మెదక్ చర్చి ప్రతిష్ఠ జరిగిన 1924లోనే పూర్తయిన దేవాలయం అక్కడుంది. ప్రభువు రూపాంతరం పొందిన కొండ ఇదేనని ఎంతోకాలంగా నమ్ముతున్నారు. ఆ దేవాలయపు రెండు గోపురాల కింద, మోషే పేర ఒకటి, ఏలీయా పేర ఒకటి చిన్న ప్రార్థన గదులున్నాయి.

మత్తయి పదిహేడో అధ్యాయం చదవడం మొదలుపెట్టాను. మోషే, ఏలీయా కనిపించి ప్రభువుతో మాట్లాడిన చోటికి రాగానే నా గొంతు ఆగిపోయింది. ఎన్నో ఏళ్లుగా బోధిస్తున్న భాగమది. నెబో దగ్గర ఆగిపోయిన మోషే, వందల ఏళ్ల తర్వాత, వాగ్దాన దేశంలోని కొండ మీద నిలబడి ఉన్నాడని నేనెన్నడూ ఆలోచించలేదు. తన కాళ్లతో నడిచి రాలేని చోట, ప్రభువు పక్కనే నిలబడ్డాడు. పెద్దమ్మ వైపు తిరిగి, “పెద్దమ్మా, మోషే వచ్చాడు. చూడు, ఇక్కడికే వచ్చాడు” అన్నాను. ఆమె కొంగు కళ్లకు అద్దుకుంది.

చివరి రోజు, యోర్దాను నది సరస్సు నుంచి బయటికి వచ్చే చోట అక్క కోసం లీటరు సీసా నిండా నీళ్లు పట్టుకుంది. పెద్ద సంచిలో పెడితే పగులుతుందేమోనని చేతి సంచిలో, చీర మడతల మధ్య దాచుకుంది. తిరుగు ప్రయాణంలో ఒక విమానాశ్రయం తనిఖీలో ఆ సీసా దొరికింది. చేతి సంచిలో 100 మిల్లీలీటర్లకు మించిన సీసా తీసుకెళ్లకూడదు. ఆ సంగతి ముందుగా ఆమెకు చెప్పవలసినవాణ్ని నేనే. చెప్పలేదు. ఆమె కళ్ల ముందే సీసా చెత్తబుట్టలో పడింది. “అక్కకు ఏం ముఖం చూపియ్యాలె అయ్యగారూ?” అని అక్కడే కూలబడింది. యోర్దాను నీళ్లలో మహిమ లేదని, నయమానును బాగుచేసింది నది కాదు దేవుడని నేను చెప్పగలను. సమరయ స్త్రీతో ప్రభువు, ఆరాధనకు ఈ కొండా యెరూషలేమూ అక్కర్లేని కాలం గురించి చెప్పాడనీ గుర్తు చేయగలను. కానీ ఆమెకు కావలసింది సిద్ధాంతం కాదు. అక్క అడిగిన ఒకే ఒక్క వస్తువు అది.

తెల్లవారుజామున శంషాబాద్‌లో దిగాం. నా తప్పు నన్ను నిలవనీయలేదు. ఆమెతో పాటే వాళ్ల ఇంటికి వెళ్లాను. మంచం మీది అక్క గుమ్మం వైపే చూస్తోంది. “తెచ్చినవా?” అంది కష్టంగా. పెద్దమ్మ మంచం పట్టె మీద కూర్చుని అక్క చేతిని ఒళ్లోకి తీసుకుంది. “నీళ్లు రాలేదక్కా, గుంజుకున్నరు. గని జూసిందంత తెచ్చిన. ఇను” అంటూ మొదలుపెట్టింది. వెనక్కి తిరిగిన చేప, చెవులు దిబ్బడేసిన రోడ్డు, వంగి దూరిన గుమ్మం, గోడకు అవతల ఉండిపోయిన బేత్లెహేము వాళ్లు, చుట్టాన్ని చూడ్డానికి కొండెక్కిన పిల్ల... ఒక్కటీ వదల్లేదు. బృందంలో డిగ్రీలు చదివినవారెవరూ ఆ యాత్రను అంత వివరంగా చెప్పలేరు. ఆఖరుకు నెబో సంగతి, తాబోరు సంగతి చెప్పింది. “మోషే నడిచి పోలేదక్కా. దేవుడే తోల్కపోయిండు.”

అక్క చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, బాగున్న చేత్తో తన గుండె మీద తట్టుకుంటూ, “అయితే నన్ను గూడ తోల్కపోతడు” అంది. నెబో కొండ మీద నేను చెప్పలేకపోయిన జవాబు నాకు ఆ మంచం దగ్గర దొరికింది.

2021లో ఆ అక్క ప్రభువు సన్నిధికి చేరింది. 2020లో కరోనా, 2023 అక్టోబరు 7 తర్వాత మొదలైన యుద్ధం యాత్రా బృందాలకు అడ్డుపడ్డాయి. యాత్రికుల మీదే బతికే బేత్లెహేములో 2023, 2024 క్రిస్మస్‌లకు వేడుకలే లేవు. 2025 డిసెంబరులో అక్కడ మళ్లీ క్రిస్మస్ చెట్టు వెలిగింది. అక్కడి విశ్వాసుల కోసం ప్రార్థించడం, ఆ రాళ్లను ఫొటో తీసి వచ్చిన మనందరి బాకీ.

పరిశుద్ధ దేశం చూసి వచ్చినవారు మన సంఘాల్లో చాలామందే ఉన్నారు. పేరు ముందు ‘జెరూసలేం యాత్రికుడు’ అని వేయించుకున్నవారూ ఉన్నారు. వెళ్లలేకపోయినవారు అంతకు పదింతలు. జబ్బు వల్ల, పేదరికం వల్ల, ఒక కాగితం రాక ఆగిపోయినవారు వారు. వెళ్లినవారిని దేవుడు ఎక్కువగా, ఆగినవారిని తక్కువగా ప్రేమించడు. వాగ్దానాన్ని దూరం నుంచే చూసి, దానికి వందనం చేసి, విశ్వాసంతో కన్నుమూసినవారిని హెబ్రీ పత్రిక పదకొండో అధ్యాయం గౌరవంతో తలుచుకుంటుంది. మీరు వెళ్లి వచ్చినవారైతే ఈ వారం ఒక పని చేయండి. మంచం పట్టిన ఒకరి దగ్గర కూర్చుని, మీరు చూసిన దారిని తీరిగ్గా చెప్పండి. వెళ్లలేనివారైతే దిగులు పడకండి. మోషేను తాబోరుకు తెచ్చుకున్న ప్రభువుకు మీ ఇంటి దారి తెలుసు.