నల్లమలలో పులుల జాడ

నంద్యాల నుండి గిద్దలూరునకు పోవు కనుమదారికి ఇరుప్రక్కలను, ఆళ్లగడ్డకు చేరువనున్న అహోబిలపు కొండలపైనను వ్యాపించియున్న మహారణ్యము నల్లమల. ఇందు నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యము కలదు. ఇంతటి అడవిలో పులులెన్ని? ఏ పులి ఎక్కడ తిరుగుచున్నది? పగలు పొదలలో దాగి రాత్రులందు సంచరించు జంతువు లెక్కకు నిలుచునా?

పూర్వము అడుగుజాడలను బట్టి పులులను లెక్కించెడివారు. అయితే ఒకే పులి అడుగు మెత్తని నేలపై ఒక తీరుగను, గట్టినేలపై వేరొక తీరుగను కనబడును. అందుచే లెక్క తప్పుచుండెను. 2005లో రాజస్థానమునందలి సరిస్కా అడవిలో పులి యొక్కటియు మిగులలేదని తేలెను; కాగితములలో మాత్రము పులులుండెను! అటుపిమ్మట ఆ పద్ధతి విడువబడి, కెమెరాల పద్ధతి దేశమంతటను అమలులోనికి వచ్చినది.

అడవిని చిన్న చిన్న గడులుగా విభజించి, గడి కొకచోట బాట కిరువైపుల రెండు కెమెరాలను అమర్చుదురు. పులులు నడచు బాటలను కనిపెట్టుటలో అడవినెరిగిన చెంచులు తోడ్పడుదురు. వెచ్చని శరీరముగల జంతువు ఎదుట కదలినంతనే కెమెరా తనంత తానుగా ఛాయాచిత్రమును తీయును. తేదీయు, వేళయు దానిపై ముద్రితమగును.

రెండు కెమెరాలెందుకు? పులి చారలు మన వ్రేలిముద్రల వంటివి. ఏ రెండు పులులకును ఒక్క తీరున నుండవు. పైగా ఒకే పులికి కుడిప్రక్క చారలు వేరు, ఎడమప్రక్క చారలు వేరు. ఒక ప్రక్కనే చూచినచో ఒక పులిని రెండుగా భ్రమింతుము. చారలను సరిపోల్చుటకు నేడు కంప్యూటరు సాయపడుచున్నది. ఒకే పులి ఏ దినమున ఏ కెమెరా ఎదుట నడచెనో వరుసగా గుర్తించినచో దాని సంచారమార్గము పటముపై తేటపడును.

కెమెరాకు చిక్కని పులుల మాటేమి? చెరువులో 50 చేపలను పట్టి, గుర్తుపెట్టి విడిచితిమనుకొనుడు. మరల 50 పట్టగా వానిలో 10 గుర్తున్నవైనచో, చెరువులో సుమారు 250 చేపలున్నట్లు ఊహింపవచ్చును. పులుల లెక్కకును మూలసూత్రమిదియే. 2018 నాటి గణనలో దేశమందు 26,838 చోట్ల కెమెరాల నుంచిరి. 2,461 పులులు చిత్రములకు చిక్కగా, మొత్తము 2,967 అని అంచనా వేసిరి.

అయినను యంత్రమునకు హద్దు కలదు. 2023 మార్చిలో నంద్యాల జిల్లా కొత్తపల్లి మండలములోని ఒక గ్రామమున తల్లిని బాసిన నాలుగు పులికూనలు కనబడెను. టీ-108 అను ఆడపులి వాని తల్లియని అధికారులు భావించిరి. కెమెరాలతోను, అడుగుజాడలతోను వెదకిరి. కాని తల్లియు పిల్లలును కలియలేదు. కూనలను తిరుపతి జంతుప్రదర్శనశాలకు తరలింపవలసి వచ్చెను.

పులి యెచ్చట నడచినదో కెమెరా చెప్పగలదు. అది నిర్భయముగ నడచుటకు అడవిని నిలుపవలసినది మాత్రము మనమే.