నమ్మకాన్ని నిలబెట్టే పరిపాలన: పాడి సహకార సంఘాలు నేర్పే పాఠం

ఒక సంస్థ పుట్టడానికి ఆశయం, పెట్టుబడి, నాయకుడు ఉంటే చాలు గాని, అది తరాల పాటు నిలవాలంటే సమర్థమైన పరిపాలన ఉండి తీరాలి. పరిపాలన అంటే పై అధికారి కింది ఉద్యోగులకు ఆజ్ఞలు జారీ చేయడం మాత్రమే కాదు. అనుకున్న లక్ష్యాన్ని ఎవరు, ఎప్పుడు, ఏ వనరులతో సాధించాలో తేల్చి, జరిగిన పనిని లెక్కలతో సరిచూసి, తేడా వస్తే సరిదిద్దుతూ సాగే నిరంతర కృషినే పరిపాలన అంటారు. ఫ్రాన్స్‌లో గనుల సంస్థను దీర్ఘకాలం నడిపిన హెన్రీ ఫేయోల్ 1916లో వెలువరించిన తన రచనలో ఈ కృషిని ప్రణాళిక, వ్యవస్థీకరణ, ఆదేశం, సమన్వయం, నియంత్రణ అని ఐదు భాగాలుగా విడదీసి చూపాడు. ఇవి పెద్ద కర్మాగారాలకే చెందిన మాటలనిపించినా, వీటి విలువ పాడి రైతుల సహకార సంఘాల్లో మరింత స్పష్టంగా తెలుస్తుంది; ఎందుకంటే అక్కడ యజమానులు వేలల్లో ఉంటారు, ఒక్కొక్కరి వాటా స్వల్పం, సరుకేమో కొద్ది గంటల్లో విరిగిపోయే పాలు.

గుజరాత్‌లోని ఖేడా జిల్లాలో ప్రైవేటు డెయిరీ గుత్తాధిపత్యం వల్ల గిట్టుబాటు ధర దక్కక రైతులు ఆందోళనకు దిగిన తరువాత, సర్దార్ వల్లభ్‌భాయ్ పటేల్ ప్రోత్సాహంతో 1946 డిసెంబరులో జిల్లా పాల ఉత్పత్తిదారుల సహకార సమాఖ్య ఆనంద్ పట్టణంలో రిజిస్టరయింది. దానికి త్రిభువన్‌దాస్ పటేల్ అధ్యక్షుడు కాగా, 1949లో ప్రభుత్వోద్యోగిగా ఆనంద్ చేరిన ఇంజనీరు వర్గీస్ కురియన్ ఆ తరువాత సమాఖ్య నిర్వాహకుడయ్యాడు. రైతులు ఎన్నుకున్న అధ్యక్షుడు విధానాలను నిర్ణయించి, ఊళ్లలో సభ్యుల విశ్వాసాన్ని కాపాడుతూ, రోజువారీ పనిలో రాజకీయ ఒత్తిళ్లు చొరబడకుండా అడ్డు నిలిచాడు. జీతం తీసుకునే నిపుణుడు యంత్రాలు, ఉద్యోగులు, అమ్మకాల బాధ్యతను వహించి, తాను రైతుల ఉద్యోగినేనని చెప్పుకుంటూ వారికే జవాబుదారీగా ఉన్నాడు. జవాబుదారీతనం అంటే అప్పగించిన అధికారాన్ని ఎలా వినియోగించారో, అప్పగించిన వారికి లెక్క చెప్పే బాధ్యత. ఎన్నికైన వారు ఉద్యోగుల పనిలో జోక్యం చేసుకున్న చోట నైపుణ్యం దెబ్బతింటుంది. ఉద్యోగులు విధానాలను తామే శాసించిన చోట సభ్యులు తమ సంస్థలోనే పరాయివారవుతారు.

ఈ సూత్రాలు ఊళ్లోని పాల కేంద్రం దగ్గర ప్రతి పూటా పరీక్షకు నిలుస్తాయి. పాలకు పరిమాణాన్ని బట్టి మాత్రమే ధర కడితే, నీళ్లు కలిపిన వాడికి లాభం, చిక్కటి పాలు పోసిన వాడికి నష్టం కలుగుతాయి. అందుకే సభ్యురాలు పోసిన పాలను కొలిచిన వెంటనే నమూనా తీసి, అందులోని వెన్న శాతాన్ని నిర్ధారించి, దాని ప్రకారం ధర లెక్కకడతారు. పాత పద్ధతిలో ఆ నమూనాకు గాజు గొట్టంలో సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని, అమైల్ ఆల్కహాలును చేర్చి, యంత్రంలో వేగంగా తిప్పితే, వెన్న విడిపోయి పైకి తేలేది, గొట్టం మీది గీతలు దాని శాతాన్ని చూపేవి. ఇప్పుడు చాలా చోట్ల ఆ పనిని విద్యుత్ యంత్రాలు క్షణాల్లో చేస్తున్నాయి. కొలత, వెన్న శాతం, రావలసిన సొమ్ము సభ్యురాలి కళ్ల ముందే పాస్‌పుస్తకంలోకి ఎక్కుతాయి కాబట్టి, పోసింది ఒక లీటరైనా పది లీటర్లయినా, పోసినది ఏ కులం వారైనా, కొలమానం ఒక్కటే. పరిపాలనలో నియంత్రణ అంటే అర్థం ఇదే: మనిషిని అనుమానించడం కాదు, అనుమానానికి తావు లేకుండా చేయడం.

ప్రణాళిక విలువ కూడా ఆనంద్ అనుభవంలోనే తేటతెల్లమైంది. చలికాలంలో గేదెల పాడి పెరిగి, సమాఖ్య పాలు అమ్మే బొంబాయి నగరం కొనగలిగిన దానికి మించి పాలు వచ్చేవి. ఆ రోజుల్లో పాలను తిప్పి పంపితే రైతుకు సంఘం మీద విశ్వాసం సడలుతుంది. మిగిలిన పాలను పొడిగా మార్చి నిల్వ చేయడమే దీనికి పరిష్కారం కాగా, గేదె పాలతో పొడి తయారు కాదని విదేశీ నిపుణులు భావించిన కాలంలో సమాఖ్య పాడి సాంకేతిక నిపుణుడు హెచ్.ఎం. దలాయా ఆ సమస్యను అధిగమించాడు. 1955లో పాలపొడి కర్మాగారం ఆనంద్‌లో ప్రారంభమైంది. ఊళ్లో పాలు సేకరించే ప్రాథమిక సంఘం, వాటిని శుద్ధి చేసే జిల్లా సమాఖ్య, అమ్మకాలు చూసే రాష్ట్ర సమాఖ్య అనే మూడంచెల వ్యవస్థ 1973లో గుజరాత్ రాష్ట్ర సమాఖ్య ఏర్పాటుతో పూర్తయింది. ఏ పనిని ఏ అంచెలో చేస్తే సమర్థంగా సాగుతుందో గుర్తించి అక్కడికే అప్పగించడం వ్యవస్థీకరణ, పాలు విరిగిపోకముందే ఒక అంచె నుంచి మరో అంచెకు చేర్చడం సమన్వయం.

తెలుగునాట ఇటువంటి క్రమశిక్షణకు ముల్కనూరు చక్కని నిదర్శనం. నేటి హనుమకొండ జిల్లాలోని ఆ ఊళ్లో 1956లో అల్గిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డి నాయకత్వాన వెలసిన సహకార సంఘం, రైతుకు రుణం, ఎరువులు, పంట అమ్మకం వంటి సేవలన్నీ ఒకే చోట అందించే సంస్థగా ఎదిగింది. ఆ ప్రాంతంలోనే తరువాత మహిళలు సొంత డెయిరీని స్థాపించుకున్నారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1995లో తెచ్చిన పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం అటువంటి మహిళా సంఘాలకు ఊతమిచ్చింది. ప్రభుత్వ వాటాధనం లేకుండా సభ్యులే సొంత నిధులతో సంఘాన్ని నడుపుకునే స్వేచ్ఛను ఆ చట్టం ఇస్తూనే, ఎన్నికలు, సర్వసభ్య సమావేశం, ఆడిట్ సకాలంలో జరిపించే భారాన్ని పాలకవర్గం మీదే మోపింది. స్వేచ్ఛ, బాధ్యత ఇలా జంటగా రావడమే సరైన పరిపాలనకు పునాది.

సంఘాలు పతనమయ్యే తీరును గమనించినా ఇదే సత్యం బోధపడుతుంది. బట్వాడా ఆలస్యమవుతుంది, పద్దులు పేరుకుపోతాయి, సమావేశం మొక్కుబడిగా మారుతుంది, కోరం కోసం సంతకాలు సేకరిస్తారు. నష్టం బయటపడే నాటికి సభ్యులు సరుకును బయటి వ్యాపారికి అమ్మడం మొదలుపెట్టి ఉంటారు. కాబట్టి ఏ సంస్థ సభ్యులైనా నాయకుడి మంచితనంతో తృప్తి పడక, ఆడిట్ నివేదికను సమావేశంలో చదివి వినిపించమని అడగాలి, ఖర్చుకు తీర్మానం ఉందో లేదో చూడాలి, ఫిర్యాదుకు గడువులోగా జవాబు కోరాలి. అడిగే సభ్యులు, లెక్క చెప్పే పాలకవర్గం, స్వేచ్ఛగా పనిచేసే నిపుణులు కలిసిన చోట, వ్యవస్థాపకులు తప్పుకున్న తరువాత కూడా సంస్థ తన కాళ్ల మీద తాను నిలబడుతుంది.