గల్ఫ్‌కు వెళ్లే ముందు తీసిన బీమా కాగితం ఇంట్లో ఉందా?

సౌదీలోనో, కువైట్‌లోనో పనిచేసే మనిషికి ప్రమాదం జరిగిందని ఫోన్ వస్తే ఇంట్లోవాళ్లు ముందుగా వెతికేది ఏజెంటు నంబరు. ఆ ఏజెంటు ఫోన్ ఎత్తడు. నిజానికి అప్పుడు చేతిలో ఉండాల్సింది ఇంకో కాగితం: ప్రవాసీ భారతీయ బీమా యోజన పాలసీ. పదో తరగతి పాస్ కాని కార్మికులు గల్ఫ్ దేశాలతో కలిపి 18 దేశాలకు ఉద్యోగానికి వెళ్లాలంటే వలస అనుమతి తీసుకోవాలి. పాస్‌పోర్టుపై ‘ఈసీఆర్’ అని ఉండేది వీళ్లకే. ఆ అనుమతితో పాటు ఈ బీమా కూడా తప్పనిసరి.

ప్రీమియం ఎంతో తెలిస్తే ఆశ్చర్యపోతారు. రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375, పన్ను అదనం. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వత వైకల్యం వచ్చి ఉద్యోగం పోయినా 10 లక్షలు వస్తాయి. జబ్బుపడినా, గాయపడినా ఆసుపత్రి ఖర్చుకు లక్ష వరకు, ఉద్యోగానికి సంబంధించిన కోర్టు ఖర్చుకు 45 వేల వరకు ఇస్తారు. పని చేయలేని స్థితిలో తిరిగొస్తే విమాన టికెట్ ఖర్చు కూడా ఇందులో ఉంది. మధ్యలో కఫీల్ మారినా, ఊరు మారినా పాలసీ చెల్లుతుంది. రిజిస్టర్డ్ ఏజెంటు తీసుకోవాల్సిన ఫీజే చట్టప్రకారం 30 వేలు, దానిపై జీఎస్టీ. లక్షలు పోసి వీసా కొనేవాళ్లు 375 రూపాయల కాగితాన్ని మాత్రం ఎవరూ అడగరు.

చిక్కు ఎక్కువగా మూడుచోట్ల వస్తోంది. మొదటిది విజిట్ వీసా. ‘ముందు విజిట్ మీద వెళ్లు, అక్కడ మార్చుకోవచ్చు’ అని ఏజెంటు చెబితే వలస అనుమతి ఉండదు, దాంతోపాటు పాలసీ కూడా ఉండదు. రెండోది గడువు. మూడేళ్లకని వెళ్లినవాళ్లు పదేళ్లు ఉండిపోతారు, పాలసీ మాత్రం మూడేళ్లకే ఆగిపోతుంది. ఆన్‌లైన్‌లో రెన్యువల్ చేసుకునే సౌకర్యం ఉంది కానీ ఆ సంగతి ఇంట్లోవాళ్లకే తెలియదు. మూడోది పదో తరగతి పాసైనవాళ్లది. వాళ్లకు వలస అనుమతి అక్కర్లేదు కాబట్టి ఈ బీమా అడిగేవాళ్లూ ఉండరు. కడప, రాయచోటి, నిజామాబాద్, జగిత్యాల వైపు చదువుకున్న కుర్రాళ్లలో చాలామంది ఇలాగే వెళ్తుంటారు.

ఇంకో మాట. ఈ 10 లక్షలు ప్రమాదానికే, గుండెపోటుకు కాదు. ఈ తేడా తెలియక ఆఫీసుల చుట్టూ తిరిగేవాళ్లున్నారు. తెలంగాణ కార్మికులైతే వేరే దారి ఒకటి ఉంది. 2023 డిసెంబరు 7 నుంచి గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబాలకు రాష్ట్ర ప్రభుత్వం 5 లక్షల ఎక్స్‌గ్రేషియా ఇస్తోంది. దరఖాస్తు జిల్లా కలెక్టర్ ఆఫీసులో ఇవ్వాలి, ఆలస్యం చేయకూడదు. ఆంధ్రప్రదేశ్‌లో ‘ప్రవాసాంధ్ర భరోసా’ అనే బీమా విడిగా ఉంది. దానికి ముందే పేరు నమోదు చేయించుకోవాలి.

ఇవన్నీ ఇక్కడివి. పనిచేసిన దేశంలో రావాల్సింది వేరు. సౌదీలో కంపెనీలు తమ విదేశీ కార్మికుల కోసం పని ప్రమాదాల బీమాకు జీతంలో 2 శాతం గోసి సంస్థకు కట్టాలి. ఇంటి డ్రైవర్లు, ఇంటి పనివాళ్లు మాత్రం దాని కిందికి రారు. యూఏఈ చట్టం ప్రకారం పని వల్ల చనిపోతే కుటుంబానికి 24 నెలల బేసిక్ జీతం ఇవ్వాలి. అది 18 వేల దిర్హమ్‌లకు తగ్గకూడదు, 2 లక్షలు దాటదు. ఆసుపత్రిలో ఉన్న మనిషి చేత అరబీ కాగితం మీద వేలిముద్ర వేయించుకుని ‘హిసాబ్ అయిపోయింది’ అనడం మామూలే. అందులో ఏముందో ఎంబసీ వాళ్లతోనో, నమ్మకమైన అరబీ తెలిసినవాళ్లతోనో చదివించుకోకుండా ఒప్పుకోకండి.

గాయపడి తిరిగొచ్చేవాళ్లు అక్కడే చేయించుకోవాల్సిన పని ఒకటుంది. మెడికల్ రిపోర్టు, పోలీసు రిపోర్టు తీసుకుని భారత ఎంబసీ లేదా కాన్సులేట్ ధ్రువీకరణ చేయించుకోవాలి. బీమా కంపెనీ చూసేది దాన్నే. విమానం ఎక్కాక ఆ కాగితాల కోసం ఇక్కడి నుంచి రాయడం చాలా కష్టం. ఎంబసీ స్పందించకపోతే విదేశాంగ శాఖ ‘మదద్’ పోర్టల్‌లో ఫిర్యాదు చేయవచ్చు.

వైకల్య పెన్షన్‌కు మాత్రం ఇక్కడి సదరం సర్టిఫికెట్ కావాలి. కనీసం 40 శాతం ఉంటే తెలంగాణలో నెలకు 4,016 రూపాయలు, ఆంధ్రలో 6,000 వస్తుంది. పూర్తిగా మంచం పట్టినవాళ్లకు ఆంధ్రలో 15,000. ఇది నష్టపరిహారం కాదు, కాబట్టి పెన్షన్ వస్తోందని పాలసీ క్లెయిమ్ వదులుకోవద్దు.

ఇక ఇప్పుడే చేయగలిగింది: పాలసీ, పాస్‌పోర్టు, కాంట్రాక్టు, అకామా రెండు వైపులా ఫొటోలు తీసి పంపమని ఈ రోజే వాట్సాప్‌లో అడగండి. పాలసీ వచ్చాక రెండు చూడండి: నామినీగా ఎవరి పేరుంది, గడువు ఏ తేదీ వరకు ఉంది. పెళ్లికి ముందు తీసిన పాలసీల్లో అబ్బాజాన్ పేరే ఉండిపోయి ఉండవచ్చు. ఆయన లేకపోతే భార్యాపిల్లలు వారసుల సర్టిఫికెట్ కోసం తహసీల్దార్ ఆఫీసు మెట్లు ఎక్కాల్సి వస్తుంది.